నూరు లెక్కపెట్టి చెయ్యెత్తాలి

మా అపార్ట్‌మెంటు కింద కార్లు తుడిచే చోట నిన్న పొద్దున ఒక వాసన వచ్చింది. మాడిన స్పాంజి, మెత్తబడ్డ జిగురు, ఎండిపోయిన రబ్బింగ్ పేస్టు, మూడూ కలిసిన ఘాటు. పక్కింటావిడ ముక్కు మూసుకుని లిఫ్టులోకి వెళ్ళిపోయింది. నేను కూరల సంచీతో అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, నా నోట్లో అంకెలు మొదలవుతాయి. ఈ వయసులో ఏమిటా గొణుగుడు, మానమని ఇంట్లో అందరూ చెప్పారు. మానలేదు. మానను.

శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్న, పెదనాన్న పెళ్ళిళ్ళకు ముందే రాయ్‌పూర్ వచ్చి, కార్లకు చేత్తో పాలిష్ పట్టే పని నేర్చుకుని, నేను పుట్టేనాటికి మందిర్ హసౌద్ వెళ్ళే రోడ్డు పక్కన సొంతంగా ఒక రేకుల షెడ్డు వేసుకున్నారు. వేసవిలో ఆ రేకుల కింద గాలి పెనం మీద నుంచి లేచినట్టుండేది. మధ్యాహ్నం అమ్మ చద్దన్నం, ఉల్లిపాయలు తెచ్చేది. పక్క పంక్చర్ దుకాణంవాళ్ళు అదే చద్దన్నాన్ని బోరే అని పిలుచుకుంటూ పచ్చి మామిడికాయ నంజుకుని తినేవాళ్ళు. అక్తీ పండగ, అంటే మన అక్షయ తృతీయ, వస్తే ఆ వీధి ఆడపిల్లలంతా మట్టి బొమ్మలకు పెళ్ళి చేసేవారు, వాళ్ళతో నేనూ. అరిగిపోయిన ఉన్ని ప్యాడ్ ఒకటి మా పెళ్ళికూతురు బొమ్మకు పరుపు.

నాకు పదకొండో ఏట నాన్న కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలన్నా అమ్మ సాయం పట్టాల్సి వచ్చింది. ఇంకొన్నాళ్ళు చేత్తో రుద్దితే ఆ చెయ్యి ఇక లేవదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పుడు, తెలిసిన లారీ డ్రైవరు చేత నాగపూర్ నుంచి పాలిష్ మిషన్ తెప్పించారు. దాని చివర చిన్న పళ్ళెమంత రబ్బరు ప్లేటు. ప్లేటు మీద సన్నటి కొక్కేలున్న పట్టీ. స్పాంజి ప్యాడ్‌ని దానికి అద్దితే పట్టుకునేది, లాగితే చర్రుమని ఊడొచ్చేది. ప్యాడ్లు రెండు. ప్లేటు మాత్రం ఒక్కటే. వేడికి కొక్కేలు కరిగిపోతే ప్యాడ్ నిలవదు, ప్యాడ్ నిలవకపోతే నాన్న మళ్ళీ గుడ్డముక్క పట్టాలి.

చిక్కంతా పెదనాన్నతో. ఇరవై ఏళ్ళు ఒంటి బరువంతా అరచేతిలో పెట్టి కార్లు రుద్దిన మనిషి. మిషన్‌నీ అలాగే పట్టుకునేవాడు, దాని మీద ఒరిగి, పళ్ళు బిగించి. తేలిగ్గా పట్టుకోవడం ఆయన దృష్టిలో పని దొంగతనం.

నాకు లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఎనిమిదితో బడి ఆగిపోయినా అవి మాత్రం ఆగలేదు. మిషన్ ఆగిన ప్రతిసారీ ప్యాడ్ ఊడదీసి, దాని వెనక నా వేళ్ళు మడిచి ఆనించి, ఎంతసేపు ఓర్చుకోగలనో చూసేదాన్ని. నేను నూరు లెక్కపెట్టేంతసేపు నాన్న మిషన్ తిప్పాక, ప్యాడ్ మీద వేళ్ళు పది అంకెల దాకా ఆనించగలిగేదాన్ని. పెదనాన్న అరవై తిప్పితే చాలు, రెండు అనేలోపే చెయ్యి లాగేసుకునేదాన్ని. అంచులకన్నా నడిమధ్య ఎక్కువ కాలేది. పేస్టు ఎండి గట్టిపడిన ప్యాడ్ ఇంకా తొందరగా కాలేది. సుద్దముక్క తీసుకుని రేకు తలుపు మీద రాశాను: నూరుకి చెయ్యెత్తాలి, ప్యాడ్ మార్చాలి, తీసినదాన్ని దులిపి నీడలో ఆరబెట్టాలి, ప్లేటుకి గాలి తగలనివ్వాలి.

పెదనాన్న చదివి నవ్వాడు. "ఏటే గుంటా, మిషన్‌కి జరం సూస్తన్నావా? సూదిమందు కూడా ఏసెయ్యి!"

ఆ ఏటి అక్తీ రోజు తిల్దా ఊరి బియ్యం మిల్లు యజమాని తెల్ల అంబాసిడర్ వచ్చింది. కొడుకు పెళ్ళి ఊరేగింపుకి ఆరంగ్ వెళ్ళాలి, పన్నెండు లోపల కారు మెరవాలి. నాన్న తలుపులు తుడుస్తున్నాడు. పెదనాన్న మిషన్ తీసుకుని బానెట్ మీద ఒరిగాడు. నేను బొమ్మల పెళ్ళి వదిలేసి వచ్చి లెక్కపెట్టాను.

"పెదనానా, అరవై అయిపోనాయి. ఆపు."

"నోర్ముయ్యే! బరాత్ ఎల్లిపోతంటే లెక్కలేటి?"

డెబ్బై. ఎనభై. వాసన వచ్చింది. నేను గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

మిషన్ మూలిగి ఆగింది. కారు డ్రైవరు తల తిప్పి, "కా హోగే నోనీ? బిజ్లీ గే కా?" అన్నాడు, కరెంటు పోయిందేమోనని.

"నహీ గయీ. మైనే నికాలీ," అన్నాను, పోలేదు, నేనే పీకానని.

పెదనాన్న చెయ్యెత్తాడు. "ఆడపిల్లకి ఇంత పొగరేట్రా తమ్ముడా?" నేను తల వంచలేదు, ప్లగ్గూ వదల్లేదు. నాన్న మధ్యలోకి వచ్చి మిషన్ అందుకుని ప్యాడ్ లాగాడు. చర్రుమనలేదు. మెత్తగా, చప్పుడు లేకుండా చేతిలోకి వచ్చేసింది. ప్లేటు నడిమధ్య ఉసిరికాయంత మేర కొక్కేలు కరిగి నున్నగా మెరుస్తున్నాయి. చుట్టూ ఉన్నవి ఇంకా నిలబడే ఉన్నాయి.

నాన్న దాన్ని బొటనవేలితో తడిమాడు. "ఇంకో పది తిప్పుంటే నా సెయ్యి పోయినట్టే అన్నా," అన్నాడు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగాడు. "గుంటా, గట్టిగా లెక్కెట్టు. నువ్వు ఆపమంటే ఆపతాను."

ప్లేటు చల్లారాక మళ్ళీ ప్లగ్గు పెట్టాను. వీధంతా వినేలా లెక్కపెట్టాను. ఆ డ్రైవరుకి తెలుగు రాదు, అయినా మూడో విడతకి నాతోపాటు "నూరూ!" అని అరిచాడు. కారు పన్నెండుకి కాదు, పన్నెండున్నరకి వెళ్ళింది. పెళ్ళి ఆగలేదు.

పెదనాన్న వానలు పడేదాకా నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకనాడు మిషన్ నడుపుతూ సరిగ్గా నూరు దగ్గర ఎత్తి, ఎటో చూస్తూ, "సెయ్యి నొప్పెట్టింది, అందుకే," అన్నాడు. నేను రెండో ప్యాడ్ అందించాను.

ఇప్పుడు రోడ్డు వెడల్పయింది. షెడ్డు ఉన్న చోట ఏది రోడ్డో ఏది షెడ్డో నాకే తెలియదు. పంక్చర్ దుకాణం లేదు, పెదనాన్న లేడు, మట్టి బొమ్మల పెళ్ళికి పిల్లల్ని పిలిచేవాళ్ళూ లేరు. కొత్త మిషన్లకు గాలి రంధ్రాలున్నాయి, ఆ లెక్కలేవీ అక్కర్లేదని కింద పనిచేసే కుర్రాళ్ళు చెప్పారు. మా చుట్టాలు ఇంకో మాట అంటారు: ఆ ప్లేటు అదృష్టం కొద్దీ దక్కింది, అంతే, దానికింత గొప్పలా అని. నేను ఒప్పుకోను. కరిగిన నడిమి భాగంతోనే ఆ ప్లేటు, దాని మీద నాన్న, ఇంకో మూడు వేసవులు పనిచేశారు, కొత్తది వచ్చేదాకా. మా నాన్న పోయిన రోజు పొద్దున కూడా అద్దం ముందు నిలబడి తన జుట్టు తనే దువ్వుకున్నాడు, కుడిచేత్తో.