ఛాతీ మీది ట్యూబు

నా బిడ్డకు ఏడో ఏట రక్త క్యాన్సర్ వచ్చింది. ప్రతిసారీ చేతికి సూది గుచ్చడం కుదరదని, హైదరాబాదు డాక్టర్లు మెడ దగ్గరి పెద్ద నరంలోకి సన్నని ట్యూబు పంపి, దాని కొసను ఛాతీ మీద బయటికి తీశారు. మందులన్నీ అందులోంచే. అది మూసుకుపోకుండా వారం వారం మందునీళ్లు ఎక్కించడం, పైనున్న పట్టీ మార్చడం నాకు నేర్పి ఇంటికి పంపారు.

బోధన్‌లో మాది రెండు గదుల ఇల్లు. మా అత్త ముందుగదిలో ఒళ్లో ఆకు, పొగాకు ఉన్న చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. మేం వచ్చిన రోజే తన చాట పక్కింటి అరుగు మీదికి మార్చుకుంది.

"తంబాకు దుమ్ము పిల్ల మీద పడొద్దు. నేను ఆడ్నే సుట్టుకుంట," అంది.

ఆ చలికాలం ఒక పొద్దున రక్తపరీక్ష కోసం బిడ్డను తీసుకుని నిజామాబాద్ బస్సెక్కాను. దారిలో చెరకు ట్రాక్టరు బోల్తా పడి బస్సు ఆగిపోయింది. కాసేపటికి బిడ్డ, "అమ్మా, అంగి తడైంది," అంది.

గుండీలు విప్పి చూశాను. ట్యూబు చీలి నెత్తురు కారుతోంది. అందులోంచి గాలి లోపలికి పోతే ప్రాణానికే ముప్పని డాక్టర్లు చెప్పి ఉన్నారు. చీలికకు పైన, ఒంటికి దగ్గరగా ట్యూబును మడిచి వేళ్లతో గట్టిగా నొక్కిపట్టాను.

పక్క సీటామె, "ఏమైందక్కా?" అంది.

"నా సంచిల నీలం క్లిప్పున్నది, తియ్యక్కా. ముందుగాల అండ్లనే ఉన్న సీసల మందు చేతులకు రాసుకో, క్రిములుండొద్దు."

ఆమె చెప్పినట్టే చేసి, నేను చూపిన చోట క్లిప్పు పెట్టింది. అయినా నేను వేళ్లు తీయలేదు.

కండక్టరు మమ్మల్ని చెరకు గడల పక్కనుంచి నడిపించి, అవతల ఒక ఆటో ఎక్కించాడు. ఆ పక్క సీటామె నా సంచి పట్టుకుని నిజామాబాద్ ఆసుపత్రి దాకా వచ్చింది. ఆమె పేరు నేను అడగలేదు.

అక్కడ ట్యూబుకు కట్టు కట్టి, అంబులెన్సులో హైదరాబాదు పంపారు. డాక్టర్లు చీలిన ముక్క కోసేసి కొత్తది అతికారు. జ్వరం వస్తుందేమోనని కొన్నాళ్లు ఉంచుకున్నారు. రాలేదు. నాకు మాత్రం ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు.

వైద్యం పూర్తయ్యాక ట్యూబు తీసేశారు. బిడ్డ ఇప్పుడు ఎనిమిదో తరగతి. మచ్చ గురించి ఎవరైనా అడిగితే, "ఆడ ట్యూబుండె, తీసిండ్రు," అని చెప్పి తన పనిలో తాను పడుతుంది.