గ్రూపులు లేని బడిలో మా బిడ్డ

మా ఊళ్ల పిల్లలు ఇప్పుడు ఇంటర్నేషనల్ స్కూళ్లకూ వెళ్తున్నారు. వాళ్ల ఇంట్లో ఎవరో ఒకరు చదివి ముందే జాగ్రత్తపడతారని ఇది రాస్తున్నాను.

మా అక్క హైదరాబాద్ శివారులో అలాంటి స్కూలు హాస్టల్లో వంట చేసేది. సిబ్బంది పిల్లలకు ఫీజు లేదు కాబట్టి నా మేనకోడలు అక్కడే చదివింది. గొర్రెల మంద ఉన్న ఇల్లు మాది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ పశువుల డాక్టర్ కావాలని.

పదో తరగతి అయిన వేసవిలో తల్లీబిడ్డలిద్దరూ మా ఊరు నకిరేకల్ వచ్చారు. అప్పట్లో నా మధ్యాహ్నాలన్నీ గ్రంథాలయంలోనే గడిచేవి. పాత పేపర్ల వాసన, కిరకిరలాడే ఫ్యాను, దాని కింద నా కుర్చీ. డిగ్రీ లేకపోయినా చదువుల పేజీ ఒక్కటీ వదిలేవాణ్ని కాదు. అదే నా గొప్ప.

"ఏ గ్రూపు తీసుకున్నవ్ బిడ్డా?" అని అడిగాను. మా దగ్గర పది దాటిన వాళ్లను మొదట అడిగేది అదే.

"గ్రూపులుండయి మామా. నచ్చినయి ఏరుకునుడే. బయాలజీ, కెమిస్ట్రీ, ఎకనామిక్స్ చెప్పొచ్చిన."

"మరి ఫిజిక్స్?"

"దానితోని నాకు పడది."

అక్క నవ్వింది. "బయాలజీ ఉన్నది గద తమ్మీ, ఇగ బైపీసీయే. పేపర్లు సదివి సదివి గిట్ల అనుమానాలోనివైనవ్."

నాకు నవ్వు రాలేదు. ఇంటర్లో బైపీసీ అంటే ఫిజిక్స్ దానంతటదే వస్తుంది. అక్కడ మనం అడిగితేనే వస్తుంది. మర్నాడు ఇద్దరినీ గ్రంథాలయానికి తీసుకెళ్లి పాత పేజీలు ముందు పరిచాను. ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఇంటర్‌కు బదులు ఉండేవి రెండు. ఐబీ అనే కోర్సులో ఆరు సబ్జెక్టులు, పెద్ద వ్యాసం ఒకటి. వాళ్ల స్కూల్లో ఉన్న కేంబ్రిడ్జి ఏ లెవెల్‌లో మూడో నాలుగో, కానీ లోతుగా. విదేశీ యూనివర్సిటీలు ఆ గ్రేడ్లు చూసి సీటిస్తాయి. మన పశువైద్య కాలేజీకి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు చదివి ఉండాలి, ఆపైన ప్రవేశ పరీక్ష.

పిల్ల ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివింది. అక్క మెల్లగా అంది: "జర స్కూలుకు ఫోన్ కలుపు తమ్మీ. మార్సుకోనిస్తరో లేదో."

మార్చుకోనిచ్చారు. ఎకనామిక్స్ పోయి ఫిజిక్స్ వచ్చింది, ఇంగ్లీషూ చేరింది.

ఆ గ్రంథాలయంలో ఇప్పుడు నా కుర్చీ లేదు, కంప్యూటర్లున్నాయి. మేనకోడలు మొన్న పశువైద్య కాలేజీ నుంచి వచ్చి మందలో కుంటుతున్న గొర్రె గిట్ట పట్టి చూసింది.

పాత పేపర్లు పారేయకుండా ఉంచిన లైబ్రేరియన్‌కు, సెలవుల్లోనూ ఫోనెత్తిన టీచరమ్మకు, నవ్వుతూనే నా మాట విన్న అక్కకు, పడకపోయినా ఫిజిక్స్‌తో రెండేళ్లు కాపురం చేసిన బిడ్డకు నా దండాలు.