ఏ క్రైస్తవుడైనను

1983. స్టీల్‌ప్లాంటు కట్టుబడి జోరుగా సాగుతున్న రోజులు. నేను విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక చర్చికి బైబిల్ ఉమన్‌ని. ఆ ఉద్యోగమేమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని ఇళ్లకూ ఆసుపత్రి వార్డులకూ తిరగడం విజిటింగ్. మధ్యాహ్నం ఎవరింటి వసారాలోనో ఆడవాళ్లను కూర్చోబెట్టి వాక్యం చెప్పడం కాటేజ్ మీటింగు. నేను గంటసేపు గొంతు పోయేలా చెప్పినా దాన్ని ‘సాక్ష్యం’ అనేవారు. అదే అయ్యగారు పది నిమిషాలు చెబితే ‘ప్రసంగం’. పాస్టరుగారిని మేం అయ్యగారనే అంటాం. పద్నాలుగేళ్లుగా ఈ తేడా చూసి నాకు ఒళ్లు మండేది. అయినా పైకి అనేదాన్ని కాదు.

పోలమ్మ స్టీల్‌ప్లాంటు సైటులో కాంక్రీటు గమేళాలు మోసే మనిషి. ఏడాదిగా మా మీటింగులకు వస్తోంది. బాప్తిస్మానికి పేరిచ్చినవాళ్లను క్యాండిడేట్లంటాం. వాళ్లు అయ్యగారికి ప్రశ్నోత్తరాలు అప్పజెప్పాలి. పోలమ్మకు చదువు రాదు, నేను నేర్పినవన్నీ ఇంటి దగ్గర గడగడా చెప్పేది, అయ్యగారి ఎదుట నిలబడితే నోరు పెగిలేది కాదు. రెండుసార్లు వెనక్కి పంపించేశారు.

“దేవుడు కూడా పరీచ్చ పెడతాడేటమ్మా?” అని నన్ను నిలదీసింది.

ఆ ఏడు వానాకాలంలో పోలమ్మకు గర్భసంచి ఆపరేషన్ పడింది. పెద్దాసుపత్రి ఆడవార్డుకు వెళ్లేసరికి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. “రక్తం బాగా తక్కువుంది. రెండింటికి థియేటర్‌కి తీసుకెళ్తాం. మా ప్రయత్నం మేం చేస్తాం,” అంది డాక్టరమ్మ. అప్పటికి పన్నెండు దాటింది. పోలమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అమ్మా, నాను ఉంతానో పోతానో. నాకు బాప్తీసం ఇచ్చీ.”

“అయ్యగారు ఎలమంచిలి సభలకి వెళ్లారే. సాయంత్రానికి గానీ రారు.”

“ఆయన్నెవులడిగినారు? నువ్వే ఇచ్చీ. నువ్వు సెప్తేనే కదా నాను నమ్మినాను.”

మా ఆరాధన క్రమం పుస్తకంలో ఒక మాట ఉంది: ప్రాణాపాయ సమయమందు ఏ క్రైస్తవుడైనను బాప్తిస్మమియ్యవచ్చును. అది నాకు కంఠతా వచ్చు. ఆమె తాగే స్టీలు గ్లాసులో నీళ్లు పట్టుకొచ్చి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామం చెబుతూ మూడుసార్లు తల మీద పోశాను. సగం నీళ్లు దిండు మీదే పడ్డాయి. పోలమ్మ “అమ్మయ్య” అని కళ్లు మూసుకుంది. నాకు ఏడుపాగలేదు.

పోలమ్మ బతికింది. రెండు నెలలకు కోలుకుని తెల్లచీర కట్టుకుని గుడికొచ్చింది. నెలకోసారి సంస్కారపు ఆదివారం వస్తుంది. ఆ రోజు బాప్తిస్మం పొందినవాళ్లకు రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. పోలమ్మ ఆశంతా దాని మీదే. నేను అయ్యగారికి జరిగిందంతా ముందే చెప్పాను. ఆయన మెత్తటి మనిషి. “సంఘం కమిటీలో పెడదాం” అన్నారు.

కమిటీ కూర్చున్న రోజు సెక్రటరీగారు ఆ ఆరాధన క్రమం పుస్తకం తెరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టారు.

“క్రైస్తవుడు అని ఉందమ్మా. క్రైస్తవురాలు అని లేదు. చూసుకోండి.”

వేళాకోళమనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

“అది చెల్లదు. అయ్యగారు మళ్లీ ఇస్తారు. మీరు తప్పయిందని ఒక కాగితం రాసివ్వండి. లేదంటే మీ ఉద్యోగం సంగతి మేం ఆలోచించాల్సి వస్తుంది.”

గుమ్మం దగ్గర నిలబడ్డ పోలమ్మ విననే వింది. “మల్లీ ఏటికి బాబూ? ఆ దినం సచ్చిపోతాననుకొని ఆ నీల్లు పోయించుకున్నాను. దేవుడు ఇన్నాడు. ఇప్పుడు అయి ఉత్త నీల్లంటే నాను ఒప్పను. రొట్టి ఇవ్వకపోతే మానీండి!” అంది. అనేసి చెంగుతో కళ్లొత్తుకుంది.

ఆ కన్నీళ్లు చూశాక నా నోరు ఆగలేదు. “ఇదే పుస్తకంలో ప్రతి సభ్యుడును ఆదివారము ఆరాధనకు రావలెను అని ఉందండీ. సభ్యురాలు అని లేదు. అయితే మేమెవరం గుడికి రానక్కర్లేదన్నమాట. కాగితం రాయను, ఏం చేసుకుంటారో చేసుకోండి,” అన్నాను. కమిటీకి టీ పోస్తున్న అయ్యగారి భార్య కెటిల్ కిందపెట్టి నా వంక చూశారు.

సంస్కారపు ఆదివారం నేను వెళ్లేసరికి గుడిలో ఎడమవైపు ఆడవాళ్ల చాపలు ఖాళీగా ఉన్నాయి. ఆడవాళ్లంతా బయట మెట్ల మీద ముసుగులేసుకుని కూర్చున్నారు. మధ్యలో అయ్యగారి భార్య, మేం అమ్మగారనే ఆవిడ, కింది మెట్టు మీద పోలమ్మ. సెక్రటరీగారు పరుగున వచ్చారు.

“ఏటండీ అమ్మగారూ ఇది!”

“సభ్యుడు అని రాసుందట కదండీ. మాకిక్కడే బాగుంది, గాలి వస్తోంది.”

లోపల మగవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఒకరిది ఒక శ్రుతి, ఇంకొకరిది ఇంకొకటి. రెండో చరణానికే ఆగిపోయింది. మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు ఆరాధన అంగీతోనే బయటికొచ్చి భార్య వంక చూశారు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. ఆయన మెట్లు దిగి పోలమ్మ ముందు నిలబడ్డారు.

“నీకు బాప్తిస్మం ఎవరిచ్చారమ్మా?”

“మా బైబిలమ్మే ఇచ్చింది.”

“ఎవరి పేరున?”

“దేవుడి పేర్నే బాబూ. తన పేర్న ఇత్తాదేటి?”

పోలమ్మకు ఏడాదిగా రాని జవాబు ఆవేళ తడుముకోకుండా వచ్చింది. “లోపలికి రామ్మా,” అన్నారు అయ్యగారు. ఆ రోజు మొదటి రొట్టెముక్క ఆమె చేతిలోనే పెట్టారు.

కమిటీ ఊరుకుంటుందా? రెండు నెలల్లో నన్ను ‘పని అవసరం రీత్యా’ గోపాలపట్నం మార్చారు. ఆ అవసరమేమిటో ఊరందరికీ తెలుసు. కాగితం మాత్రం రాయలేదు. తర్వాత కూడా ఆసుపత్రుల్లో మరో ఇద్దరు బాప్తిస్మం అడిగారు. ఇచ్చాను.

సేవలోకి వచ్చేవాళ్లను పెద్దలు “నీకు పిలుపుందా?” అని అడుగుతారు. నేనూ చాన్నాళ్లు ఆ పిలుపు ఆ పెద్దల నోటి నుంచే రావాలేమోనని కాచుకున్నాను. పోలమ్మ సంగతితో ఆ కాచుకోవడం పోయింది. చావుబతుకుల్లో ఉన్న ఒక కూలిమనిషి నా చెయ్యి పట్టుకుని “నువ్వే ఇచ్చీ” అంది. పిలుపంటే అదే. దానికి కమిటీ సంతకం అక్కర్లేదు.