కుర్చీ ఉద్యోగం, చిరాకు పేగులు

ఆ రోజుల్లో లోకంలో ఉద్యోగాలు రెండే రకాలని మా నాన్న నమ్మకం: ఎండలో తిరిగేవి, ఫ్యాను కింద కూర్చునేవి. భీమవరంలో ఒక రొయ్యల మేత కంపెనీ తరఫున మూడేళ్లు చెరువు గట్లమ్మట తిరిగి తిరిగి, తొంభైల చివర్లో అదే కంపెనీ ఆఫీసులో నేను రెండో రకంలోకి మారాను. నాన్న వీధిలో అందరికీ చెప్పుకుని, స్కూటరు కూడా కొనిపెట్టారు. కొన్నాళ్లకే నా కడుపు తిరగబడింది. ఒకరోజు కదలదు, మర్నాడు ఆగదు. మేనేజరు గారు పిలిస్తే నాకంటే ముందు అదే జవాబు చెప్పేది. (ఏరికోరి బాత్రూం పక్క బల్ల తీసుకుంటే, నా వినయాన్ని అందరూ మెచ్చుకున్నారు.) ఇలాగైతే నాన్న మురిసిపోయిన కుర్చీ ఎన్నాళ్లు నిలుస్తుందోనని బెంగ పట్టుకుంది. ఇంట్లో మాత్రం వేడి చేసిందని చెప్పాను.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు గారు, "పేగులకి జబ్బేం లేదండి, చిరాకు ఎక్కువ. రోజూ కాస్త నడిచి చూడండి, కొందరికి కుదుటపడుతుంది," అన్నారు. నాకు నవ్వొచ్చింది. నడక తప్పించుకోవడానికేగా ఇంత పాటుపడ్డాను. తప్పంతా తిండిదేనని తేల్చుకుని ఆవకాయ మానేశాను, వంకాయ మానేశాను, చివరికి చేపల పులుసు కూడా మానేస్తే అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. కడుపు మాత్రం తన పని మానలేదు.

అంతలో మొగల్తూరు వైపు చెరువులు చూసే ఆయన తన చెల్లెలి పెళ్లికి సెలవు పెడితే, రెండు వారాలు నన్ను పంపారు. వానలకి గట్లన్నీ బురద. స్కూటరు దిగబడిపోతుంటే కాళ్లే గతి అయ్యాయి. మధ్యాహ్నం ఒక రైతుగారి భార్య (అక్కయ్యగారూ అనేవాణ్ణి) అల్లం దంచి వేసిన మజ్జిగ చెంబు నిండా ఇచ్చేవారు. రెండో వారానికి కడుపు కిక్కురుమనలేదు. మందు దొరికేసిందని సంబరపడి, తిరిగొచ్చాక అదే పాళ్లలో మజ్జిగ చేయించి, సీసాలో పోసుకుని ఆఫీసుకి పట్టుకెళ్లాను. కొద్దిరోజులకే మీటింగులో మేనేజరు గారి మాట సగంలో ఉండగా లేచి పరుగెత్తాల్సి వచ్చింది.

ఆవిడ ఇంకేదో కలిపి ఉంటారని అనుమానం. ఆదివారం మొగల్తూరు వెళ్లి అడిగేశాను.

"మజ్జిగలో ఏముంటుంది తమ్ముడూ. మా ఆయనా అదే తాగుతారు. పొద్దస్తమానం మోటార్ల షెడ్డులో కూర్చుంటారు, ఆయనకీ కడుపు బాగోదు," అని నా కాళ్లకేసి చూసి, "మీరు గట్లమ్మట తిరిగేవారు కదండీ," అన్నారు.

డాక్టరు గారు చెప్పింది అప్పుడు తలకెక్కింది. సోమవారం స్కూటరు ఇంట్లోనే వదిలి బయల్దేరాను. నాన్న మొహం మాడిపోయింది.

"కుర్చీలో కూర్చునేవాడివి నడిచెళ్తే ఉద్యోగం పోయిందనుకోరేంట్రా?"

దాచిందంతా చెప్పేశాను. ఆయన చెప్పులేసుకుని నా వెంట వచ్చారు. ఎదురైన ప్రతివారికీ, వాళ్లు అడక్కపోయినా, "బండి ఉందండి. డాక్టరు గారు నడవమన్నారు," అని చెప్పేవారు. అలా కొన్నేళ్లు నడిచాం. కడుపు పూర్తిగా లొంగలేదు గాని, కుర్చీ నిలబడేంత మంచితనం నేర్చుకుంది. ఇప్పుడు ఒక్కణ్ణే నడుస్తున్నప్పుడు, పేగుల మీదే ధ్యాస పెట్టి గబగబా అడుగులేసిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. నాన్న వెనక ఏవో పాత కబుర్లు చెబుతూ వచ్చేవారు. ఇంకాస్త నెమ్మదిగా నడిచి ఉంటే అన్నీ వినపడేవి.