పార్కింగ్‌లో వదిలిన బతుకమ్మ

ఫలక్‌నుమా దగ్గర మిగిలిన కాస్త చెరువునైనా కాపాడాలని, ఇవాళ సాయంత్రం ఒక ఫంక్షన్ హాల్లో జానపద పాటలు పెట్టి చందాలు పోగుచేశారు. చివరగా లక్ష్మమ్మ అనే పెద్దావిడ బతుకమ్మ పాట పాడింది. పాట అయ్యాక వేదిక మీది బతుకమ్మను నెత్తిన పెట్టుకుని నేరుగా పార్కింగ్‌లోకి నడిచింది. మేమంతా చప్పట్లు కొడుతూ వెనకే వెళ్లాం. నా బండి ముందు వంగి, దాన్ని సిమెంటు నేల మీద దించి, నీళ్లలోకి తోసినట్టు మెల్లగా తోసింది.

"అమ్మా, గీడ పెట్టినవేంది?" అన్నాను.

"ఇంకేడ ఇడువాలె బిడ్డా? మా చిన్నప్పుడు గీడ్నే నీళ్లల్ల ఇడిచేటోళ్లం. జర పక్కకు జరుగు, నువ్వు నిలవడ్డ కాడ లోతెక్కువ."

చప్పట్లు ఆగిపోయాయి. నేను నిజంగానే పక్కకు జరిగాను.

బండి తీయడానికి చేతులు రాక ఆటోలో ఇంటికొచ్చాను. రేపు వెళ్లి తెచ్చుకోవాలి. ఈతొచ్చిన వాళ్లెవరైనా తోడొస్తారా?