అంచెట్టి గుట్ట మీద నిలబడ్డ కంబళి

తమిళనాడులో హోసూరు పక్కనున్న మత్తిగిరిలో మా ఇంటి నెట్ సంగతి మా వీధి మొత్తానికీ తెలుసు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి వీడియో పెడితే అందులోని మనిషి నోరు తెరిచి అలాగే ఆగిపోతాడు. నేను వెళ్ళి కాఫీ కలుపుకొని వచ్చేసరికి కూడా ఆ నోరు మూతపడదు. ఒక సాయంత్రం నేను ఇంకా ఆఫీసులో ఉండగానే భారతి వీడియో కాల్ చేసింది. మా పక్కింట్లో అద్దెకుండి నర్సింగ్ చదివిన పిల్ల, ఇప్పుడు అంచెట్టి దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న పల్లెలో గవర్నమెంటు నర్సు. బస్సే సరిగ్గా పోని ఆ ఊరి నుంచి ఆమె మొహం ఎంత స్పష్టంగా వచ్చిందంటే, వెనక గోడ మీద పాకుతున్న బల్లి కూడా నాకు కనిపించింది. "మీ ఊళ్ళో ఇంత నెట్ యాడనుంచి వచ్చింది?" అన్నాను. "గాలిలోనే వస్తా ఉండాదక్కా. తీగ లేదు, ఏమీ లేదు. నమ్మకుంటే వచ్చి చూడు," అని పకపకా నవ్వింది. నిజం చెప్పాలంటే ఈ ప్రయాణం వట్టి కుళ్ళుతోనే మొదలైంది.

ఒక బుధవారం సెలవు పెట్టి బయలుదేరాను. మత్తిగిరి నుంచి డెంకణికోటకి బస్సులు బాగానే ఉంటాయి, గంట లోపే దింపుతాయి. అక్కడి నుంచి అంచెట్టికే ఇబ్బంది. పొద్దుటి బస్సు తప్పితే తరువాతది ఎప్పుడో కండక్టరుకి కూడా తెలియదు. రెండు టికెట్లూ కలిపి వంద రూపాయల లోపే అవుతుంది. డెంకణికోట దాటాక రోడ్డు అడవిలోకి దిగింది. ముందురోజు సాయంత్రం నుంచి పడుతున్న తుంపర ఇంకా ఆగలేదు, మంచు కూడా దానికి తోడైంది. ఏనుగులు తిరిగే చోటు అని రాసిన బోర్డులు దగ్గరికొచ్చాక గానీ కనిపించడం లేదు. డ్రైవరు హారన్ కొట్టడం మానేసి నెమ్మదిగా పోనిచ్చాడు. బస్సులో మాటలు కూడా వాటంతట అవే ఆగిపోయాయి. మామూలుగా నాకు నిశ్శబ్దమంటే ఇష్టం, కానీ ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు.

అంచెట్టిలో భారతి చెప్పి ఉంచిన మాదప్ప జీపుతో కాచుకొని ఉన్నాడు. పోను రాను ఎనిమిది వందలకి ఒప్పుకున్నాడు. జీపు నడపడంతోపాటు గుట్ట మీదున్న నెట్ డబ్బాలని కనిపెట్టుకొని ఉండే పని కూడా ఆయనదే. దారి పొడవునా ఆయనే నాకు విషయం విప్పి చెప్పాడు. డెంకణికోట దాకా భూమిలో కేబుల్ ఉంది. ఆ తరువాత అడవి, తవ్వనివ్వరు. అందుకని డెంకణికోట వైపు ఒక ఎత్తు మీద ఒక డిష్, పల్లె పక్కనున్న గుట్ట మీద ఒక డిష్ ఎదురెదురుగా పెట్టారు. గుట్ట మీదే ఇంకో డిష్‌ని కింద పల్లె వైపు తిప్పారు. పల్లెలో ఆరోగ్య కేంద్రం కప్పు మీదున్న చిన్న డబ్బా దాన్ని అందుకుంటుంది. నడుమ కొమ్మ కూడా అడ్డం రాకూడదు. కరెంటు సోలారుది. ఇది పెట్టి నాలుగు నెలలైంది.

"అయితే నువ్వు వచ్చిన దినమే లైన్ పోయిందమ్మా," అన్నాడు మాదప్ప. "నిన్న పొద్దు మునిగేటప్పటి నుంచి లేదు. కంపెనీవాళ్ళు ఫోన్ చేసినారు. గుట్ట దాకా వస్తా ఉండాదంట, ఊళ్ళోకే దిగల్యా."

"వానకేమో?"

"వానకి కొంచెం తగ్గుతాది. ఇట్ల సుద్దంగా పోయింది లేదు."

ఊరి పేరు ఇక్కడ రాయను, వాళ్ళు వద్దన్నారు. ముప్పై ఇళ్ళు ఉంటాయేమో. జీపు ఆగినా ఒక్క కుక్క మొరగలేదు. గుట్ట ఎక్కడని అడిగితే మాదప్ప చెయ్యెత్తి చూపించాడు గానీ, ఆ వైపు తెల్లటి మంచు తప్ప నాకేమీ కనిపించలేదు. భారతి ఎదురొచ్చింది. వీడియోలో నవ్విన మొహం కాదది. నా సంచి అయినా అందుకోకుండా చెయ్యి పట్టుకొని ఒక ఇంట్లోకి తీసుకుపోయింది. లోపల చాప మీద రత్న అనే అమ్మాయి కూర్చొని ఉంది, నిండు నెలలు. మొహం ఊది, కళ్ళు సన్నబడి ఉన్నాయి. గోడకి ఒక అద్దం తగిలించి ఉంది గానీ, దాని మొహం గోడ వైపుకి తిప్పి ఉంది. వెనక అట్ట మాత్రం మనకి కనిపిస్తోంది. ఎందుకలా తిప్పారని అడగబోయి, భారతి మొహం చూసి ఊరుకున్నాను.

బయటికొచ్చాక భారతి చెప్పింది. "బీపీ బాగా ఎక్కువ ఉండాదక్కా. పెద్దాసుపత్రికి పోదాం పోదాం అని రెండు దినాల నుంచి మొత్తుకొంటా ఉండాను. అత్త నరసమ్మ పంపదు. పోయినేడు మొదటి బిడ్డ కడుపులోనే పోయింది, అప్పటి నుంచి ఆమెకి ఎవురి మిందా నమ్మకం లేదు. రత్న మొగుడు హోసూరులో కంపెనీ పనికి పోతాడు. డాక్టరమ్మ నోటితో చెప్తే పంపించండి, లేకుంటే అమ్మ మాటే అన్నాడు. ఈ పొద్దు పదకొండుకి కృష్ణగిరి నుంచి డాక్టరమ్మ వీడియోలో వస్తాది. ఆ ఒక్క మాటనే నమ్ముకొని ఉండాను. చూస్తే లైన్ లేదు." ఊళ్ళో మామూలు ఫోన్ సిగ్నల్ అసలు లేదు. మాదప్పని గుట్ట ఎక్కమంటే, మంచులో ఒక్కడినే పోనన్నాడు. భారతి రత్నని వదిలి రాలేదు. అలా, చెప్పులు తప్ప వేరే సరంజామా లేని నేను గుట్ట ఎక్కాల్సి వచ్చింది.

వెళ్ళబోతుంటే రత్న లోపలి నుంచి నన్ను పిలిచింది. "అక్కా, నువ్వు ఇద్దురుగా కనపడతా ఉండావు. పొద్దున నుంచి అన్నీ అట్లనే, మసక మసక. అత్తకి చెప్పొద్దు, భయపడతాది." భారతి చేతిలోని బీపీ మిషను కింద పెట్టేసింది. "ఇది ఫిట్స్‌కి ముందు వచ్చే గుర్తక్కా, తొందరగా పో," అని నా చెవిలో అంది.

గుట్ట నిట్టనిలువుగా ఏమీ లేదు, అరగంట నడక. కానీ దారి పాండవుల ఇళ్ళ మధ్య నుంచి పోతుంది. పలకరాళ్ళని నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పి కట్టిన పాతకాలపు సమాధులు అవి. ఈ జిల్లాలో చాలాచోట్ల ఉన్నాయి, ఎండలో ఎన్నోసార్లు చూశాను, ఫోటోలు కూడా తీసుకున్నాను. ఒక్కో దానికి ముందు పలకలో మనిషి తల పట్టేంత గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఆ పొద్దున మంచులో ఒక్కటొక్కటే బయటపడుతుంటే, రంధ్రాల లోపలి నల్లదనం మా వెంట తిరుగుతున్నట్టు అనిపించింది. మాదప్ప తల దించుకొని నడిచాడు. నేనూ దించుకున్నాను. ఎక్కడో మేకల మెడగంటలు వినిపిస్తున్నాయి, ఒకసారి కుడివైపు, ఒకసారి వెనక. మేక మాత్రం ఒక్కటీ కనిపించలేదు.

పైకి చేరేసరికి బండ అంచున ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తల నుంచి నల్లటి కంబళి కప్పుకొని, మాకు వీపు పెట్టి, కింద పల్లె వైపు చూస్తున్నాడు. మాదప్ప ఆగిపోయాడు.

"ఎవురప్పా ఆడ?"

పలకలేదు. ఇంకోసారి గట్టిగా పిలిచాడు. గాలి వీస్తోంది, కంబళి అంచు నెమ్మదిగా ఊగుతోంది, మనిషి మాత్రం కదలడం లేదు. మాదప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక్కి తిరిగి పరుగెత్తేదాన్నే. కానీ కింద ఒక అమ్మాయికి నేను ఇద్దరుగా కనిపిస్తున్నాను. అది గుర్తొచ్చి కోపం లాంటిదేదో తన్నుకొచ్చింది. గబగబా పోయి ఆ భుజం మీద చెయ్యి వేశాను. తడి ఉన్ని కింద చల్లటి ఇనుము తగిలింది.

మనిషెత్తు కంబం అది. తల అనుకున్నది పల్లె వైపు తిప్పిన డిష్. దాని మీద వేపమండలు పేర్చి, కంబళి కప్పి, మేకని కట్టే తాడుతో మెడ దగ్గర బిగించి ఉంది. ముందురోజు నుంచి తుంపర తాగి కంబళి బరువెక్కింది. లైను ఎందుకు దిగడం లేదో నాకే అర్థమైంది. తాడు మీద చెయ్యి వేశానో లేదో మాదప్ప కేక పెట్టాడు. "విప్పొద్దమ్మా! దిష్టికి కట్టింది. కట్టిన చెయ్యే విప్పాల. కింద కాన్పు ఇల్లు ఉండాది, రేపు ఏమన్నా అయితే మన తలకి చుట్టుకొంటాది."

"దాన్ని ముట్టద్దు," అని ఇంకో గొంతు వినిపించింది, చాలా దగ్గర నుంచి.

బండ పక్కన ఒక ఆడమనిషి కూర్చొని ఉంది. మేము ఎక్కుతున్నంతసేపూ అక్కడే కూర్చొని మమ్మల్ని చూస్తున్నట్టుంది. ఆమె చుట్టూ మేకలు అలికిడి లేకుండా నిలబడి ఉన్నాయి. నరసమ్మ అని మాదప్ప నా చెవిలో చెప్పాడు.

"పోయినేడు అంచెట్టిలో రత్నని ఫోన్ ముందర కూసోబెట్టినారు," అంది నరసమ్మ, నా మొహం చూడకుండా. "కడుపు చూపించమంటే చూపించినాం. ఆ పక్క ఎవురుండారో, ఎంతమంది చూసినారో మాకు తెలీదు. మూడు దినాలకి బిడ్డ కదల్యా. ఈ తూరి ఇది పగలూ రాత్రీ మా గడప పక్కకే మొకం పెట్టుకొని నిలబడింది. కాన్పింట్లో అద్దాన్నే తిప్పి పెడతాం మేము. దీన్ని ఓర్చుకొంటానే ఉండాను. నిన్న భారతమ్మ వచ్చి, ఇందులోనే మళ్ళా చూపించాలనింది. అందుకే కన్ను మూసినాను. తప్పా?"

చదువుకున్న దాన్ని, రేడియో తరంగాల గురించి నాలుగు ముక్కలు చెప్పగలను. కానీ ఆ మంచులో, ఆ రంధ్రాల మధ్య నుంచి నడిచొచ్చాక, ఏదో మమ్మల్ని చూడడం లేదని ఆమెకి చెప్పే ధైర్యం నాకే లేదు. రత్న చెప్పొద్దన్న మాటే చెప్పేశాను. "అమ్మా, పొద్దున నుంచి ఆ పిల్లకి కళ్ళు మసకలంట. ఒకరు ఇద్దురుగా కనపడతా ఉండారంట."

నరసమ్మ ఒక్కసారిగా లేచింది. "పోయినేడూ ఇదే చెప్పింది," అంది. వచ్చి తాడు తెంపేసి, కంబళి లాగి పడేసి, మండలు ఊడబెరికింది. తెల్లటి డిష్ బయటపడింది. దాని ఎదురుగా నిలబడాలని మా ముగ్గురిలో ఎవరికీ అనిపించలేదు. గుట్ట దిగి ఊరి మొదట్లోకి రాగానే మాదప్ప నా ఫోన్‌ని ఊరి వైఫైకి కలిపాడు, అది వరసగా మోగసాగింది. పొద్దుట్నుంచి ఎక్కడెక్కడో ఆగిపోయిన మెసేజీలన్నీ ఒక్కటొక్కటే వచ్చి పడుతున్నాయి. అంత మామూలు చప్పుడుకి నేను ఎగిరిపడ్డాను.

మేము చేరేసరికి ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ తెర మీదికి వచ్చి ఉంది. బల్లి సంగతి చెప్పాను కదా, అంత స్పష్టంగానే ఉంది. ఆమె మెడ దాకానే కనిపిస్తోంది. రత్నని కూర్చోబెట్టబోతే నరసమ్మ అడ్డంగా వచ్చి తెర ముందు కూర్చుంది.

"ముందు నువ్వెవురో నిన్ను చూపించు. తల ఒకటే కాదు, మనిషిని అంతా చూపించు. నువ్వు మాత్రం మమ్మల్ని చూస్తావు, మేము నిన్ను చూసేది లేదా?"

భారతి తల పట్టుకుంది. నేను, అయిపోయింది, ఇక కాల్ కట్ చేస్తుంది అనుకున్నాను. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడింది. గోడ దాకా వెనక్కి నడిచి, తెల్లకోటు పక్కకి తప్పించింది. ఆమెకీ నెలలు నిండుతున్నాయి.

"చూడమ్మా, బాగా చూడు," అంది. "నాకూ ఇది రెండోదే. మొదటిది నాకూ నిలవలేదు."

నరసమ్మ చాలాసేపు ఆ తెరనే చూసింది. తరువాత రెండు చేతులూ చాపి, తెర మీద ఆ కడుపు చుట్టూ తిప్పి, తన కణతలకి ఆనించి పటపటా మెటికలు విరిచింది. "నా కన్ను నీకు తగలకుండా పోనీ తల్లీ," అని పక్కకి జరిగి కోడలిని ముందుకి నెట్టింది.

డాక్టరమ్మ రత్న మొహం చూసింది, పాదం మీద వేలితో నొక్కమని గుంట ఎంత పడిందో చూసింది, కళ్ళ సంగతి విన్నది. ఇప్పుడే బయలుదేరండి, సాయంత్రం దాకా కూడా ఆగొద్దు అంది. మాదప్ప జీపులో రత్న, నరసమ్మ, భారతి ఎక్కారు, నేను ముందు సీట్లో ఇరుక్కున్నాను. అంచెట్టిలో అంబులెన్సు కాచుకొని ఉంది, అక్కడి నుంచి డెంకణికోట, రాయకోట మీదుగా కృష్ణగిరికి పోయారు. నేను అంచెట్టిలో దిగిపోయి మధ్యాహ్నం బస్సు పట్టుకున్నాను. బస్సు మలుపు తిరిగేటప్పుడు మంచు విడిపోయి ఒక గుట్ట, దాని మీద తెల్లటి చుక్క కనిపించాయి. అది ఆ గుట్టేనా అని ఎవరినీ అడగలేదు. కిటికీ మూసుకున్నాను.

ఆ రాత్రే ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. కొన్నాళ్ళు గాజుపెట్టెలో పెట్టారు, ఇప్పుడు తల్లీబిడ్డా పల్లెలోనే ఉన్నారు. మొన్న రత్న వాళ్ళింటి నుంచి భారతి వీడియో కాల్ చేస్తే ఆఫీసు నుంచి నేనూ, అటు కృష్ణగిరి నుంచి డాక్టరమ్మా చేరాం. ఆమెకి ఇంకా పది రోజులుందట. బిడ్డని చూపించమని బతిమాలాం. నరసమ్మ వినలేదు. చివరికి గుడ్డ కొంచెం తప్పించి ఒక్క పాదం మాత్రం తెర ముందు పెట్టింది, అరచేయిలో సగం కూడా లేదు. గోళ్ళు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించింది. వెంటనే గుడ్డ కప్పేసి, "మిగతాది డాక్టరమ్మకి కాన్పు అయినాక చూపిస్తా. రెండు బిడ్డలూ ఒకేసారి ఎదురెదురుగా చూసుకోనీ," అంది. అడవుల మీదుగా, రాళ్ళ మీదుగా ఇంత వేగంగా ఎగిరొచ్చే నెట్ అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దానికి అవతల ఎవరున్నారో తెలియక భయపడడం తెలివితక్కువ అనుకునేదాన్ని, ఇప్పుడు అనుకోవడం లేదు. ఆ రోజు లైను నిలబెట్టింది డిష్ కాదు, లేచి నిలబడి తనని తాను చూపించిన మనిషి.

అటువైపు వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా. అంచెట్టి పల్లెల్లో ఏ ఇంటి ముందైనా ఫోన్ పైకెత్తేముందు లోపల అద్దం ఎటు తిరిగి ఉందో చూడండి. గోడ వైపుకి ఉంటే ఫోన్ సంచిలో పెట్టేసి, మీరెవరో, ఎక్కడి నుంచి వచ్చారో ముందు చెప్పండి.