సైరన్ కట్టేసినవాడు

ఆ వీధిలో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పిల్లలకీ పెద్దలకీ కూడా ఆయన సైరన్ బాబాయే. ఆస్పత్రి అంబులెన్సు నడుపుతాడు కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు ఆయన గేటు తీసుకుని బయటికొస్తుంటే పిల్లలు "పీపా పీపా" అని కూసేవాళ్ళు. ఆయన కూడా చేతిలో స్టీరింగ్ ఉన్నట్టు తిప్పుతూ తిరిగి కూసేవాడు. ఇప్పుడు ఎవరైనా కూస్తే తల దించుకుని చరచరా వెళ్ళిపోతాడు. పిల్లలకేం తెలుసు, వినపడలేదేమోనని ఇంకా గట్టిగా కూస్తారు.

ఆ ఇంట్లోకి వెళ్ళి చూడండి, సంత నయం అనిపిస్తుంది. ముందుగదిలో ఒక రేడియో, వంటింట్లో ఇంకో రేడియో, రెండూ వేరువేరు స్టేషన్లు. చలికాలంలో కూడా ఫ్యాను తిరగాల్సిందే. వెనక కొళాయి సన్నగా బకెట్లోకి కారుతూ ఉండాల్సిందే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఎవరైనా మాట్లాడుకుందామని ఆ రేడియో ఆపారా, బాబాయి ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. గబుక్కున లేచి గిన్నెలు సర్దుతాడు, బీరువా తలుపు తీసి వేస్తాడు, ఏదో ఒక చప్పుడు పుట్టిస్తాడు.

"మీ ఆయనకి చెవుడొచ్చిందా అని జనం నన్నడుగుతున్నారు," అంటుంది ఆయన భార్య. "ఆయనకి కాదు, నాకొస్తోంది అని చెప్తున్నాను."

నవ్వుతూనే అంటుంది గానీ ఆవిడకి తెలుసు. లోకంలో అందరికీ దెయ్యం చప్పుడు చేస్తూ వస్తుంది. ఈ మనిషికి మాత్రం చప్పుడు ఆగితే వస్తుంది.

అదేమిటో చెప్పాలంటే ముందు ఆ పనిలో ఉన్న ఒక ఆనవాయితీ చెప్పాలి. బండిలో ప్రాణం ఉన్నంతసేపూ సైరన్ మోగుతుంది. ప్రాణం పోతే డ్రైవరు సైరన్ కట్టేస్తాడు. ఇది ఎక్కడా రాసి లేదు, ఏ ఆఫీసరూ చెప్పలేదు. పాత డ్రైవర్లు కొత్తవాళ్ళకి నేర్పే మొదటి మర్యాద. పోయినవాళ్ళకి తొందరేముంది, వాళ్ళ కోసం బతికున్నవాళ్ళని దారిలోంచి తోసెయ్యడం దేనికి? అందుకని కట్టేసి, నెమ్మదిగా, నలుగురితో పాటు వెళ్ళాలి. మామూలుగా ఆ కబురు వెనకనున్న నర్సు చెప్తుంది, డ్రైవరుకీ వెనక పడకకీ మధ్యలో ఉన్న అద్దాన్ని వేలితో కొట్టి.

ఆ రోజు నర్సు లేదు. ఉన్నవాళ్ళంతా వేరే బండ్లలో వెళ్ళారు. "గోడ మీంచి పిల్లాడు పడ్డాడట, నువ్వెళ్ళి తెచ్చెయ్" అన్నారు పైవాళ్ళు. వెళ్ళాడు. వెనక పడక మీద పిల్లాడు, పక్కన వాళ్ళమ్మ. సైరన్ హోరు వెనక్కి రాకుండా మధ్య అద్దం మూసే ఉంచుతారు. అది మూసి ఉన్నా ఆమె ఏడుపు దారి పొడుగునా వినపడుతూనే ఉంది. అదే బాబాయికి ధైర్యం. ఏడుస్తున్నారంటే ఇంకా ఆశ ఉన్నట్టు. ఎంతమందిని చూశాడు! అయితే వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆ ఏడుపు టక్కున ఆగిపోయింది. తల పైనున్న చిన్న అద్దంలోకి చూశాడు. ఆమె కొడుకు ఛాతీ మీద తల వాల్చి కదలకుండా ఉంది.

అయిపోయింది అనుకున్నాడు. చెయ్యి తనంతట తనే వెళ్ళి మీట నొక్కేసింది.

అంతవరకూ పక్కకి తప్పుకున్న బండ్లన్నీ ఎవరి దారిన వాళ్ళు ముందుకొచ్చేశాయి. వంతెన మీద ఒక లారీ అడ్డం తిరిగి ఉంది. దాని వెనక ఎక్కడి బండ్లు అక్కడే. బాబాయి పోయినవాళ్ళకిచ్చే మర్యాదతో, హారన్ కూడా కొట్టకుండా, బుద్ధిగా ఆ వరసలో నిలబడ్డాడు. చివరికి ఆస్పత్రి గుమ్మంలో డాక్టరు పిల్లాడి మెడ మీద వేళ్ళు పెట్టి చూసి, కళ్ళలోకి లైటు వేసి, "ఒళ్ళింకా వెచ్చగా ఉందే. ఎప్పుడు పోయాడు?" అన్నాడు. ఆ తల్లి నేలచూపులు చూస్తూ ఉండిపోయింది.

ఎప్పుడు పోయాడు? ఇదీ ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. సైరన్ కట్టెయ్యకముందే పోయి ఉంటే తను చేసింది మర్యాద. కట్టేసిన తర్వాత పోయి ఉంటే... ఆ మాట ఆయన ఎప్పుడూ పూర్తి చెయ్యడు. అద్దం జరిపి "ఏమ్మా, ఎలా ఉన్నాడు?" అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. అడగలేదు. పోనీ ఇప్పుడైనా వెతుక్కుంటూ వెళ్ళి అడగొచ్చు కదా అంటారా? అనడం తేలికే. ఆమె "అప్పటికి బతికే ఉన్నాడు" అంటే ఆ తర్వాత ఈయన ఎక్కడికి పోవాలి?

అది జరిగి ఎన్నాళ్ళయిందని మాత్రం అడక్కండి. ఆయనకి అది ఎప్పుడూ నిన్నే. తిండి సహించదు, నిద్ర పట్టదు. మాటల మధ్య ఎవరైనా ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా సరే, వంతెన వచ్చేస్తుంది. భార్యకి చెప్పాడు గానీ సగమే చెప్పాడు. మిగతా సగం ఆవిడ తనే ఊహించుకుని, పైకి అనకుండా, రేడియో గొంతు కాస్త పెంచేది.

ఒక రోజు షెడ్డులో బండి కడుగుతున్నాడు. ఉన్నట్టుండి మోటారు ఆగిపోయి పైపులో నీళ్ళు నిలిచిపోయాయి. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. బాబాయికి ఊపిరి అందలేదు. టైరుకి ఆనుకుని అలాగే జారి కూలబడ్డాడు. అటుగా వెళ్తున్న పెద్ద నర్సమ్మ చూసింది. ఆస్పత్రిలో ఆవిడే అందరికన్నా పాతది, ఆవిడ ఎదురొస్తే డాక్టర్లు కూడా చొక్కా సర్దుకుంటారు. ఏమయిందని ఆవిడ అడగలేదు. ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఏం కనబడుతోంది, చెప్పు."

"వంతెన."

"అది నీ బుర్రలో ఉంది. కళ్ళ ముందు ఏముంది?"

"బకెట్టు."

"ఏ రంగు?"

"ఎరుపు."

"సరిగ్గా చూడు."

"వెలిసిపోయిన ఎరుపు. పిడి విరిగితే... తీగతో కట్టారు."

"ఆఁ. ఇప్పుడీ టైరు మీద చెయ్యి వెయ్యి. ఎలా ఉంది?"

"గరుగ్గా ఉంది. వెచ్చగా ఉంది."

ఆవిడ తన కోటు జేబులోంచి నారింజ తొక్క తీసి ఆయన ముక్కు కింద నలిపింది. బాబాయి కళ్ళు చెమర్చి, గట్టిగా తుమ్మాడు.

"బతికావు," అందావిడ. "దిగులు మనిషిని ఎక్కడికో లాక్కుపోతుంది నాయనా. ఒళ్ళు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకని ఒళ్ళునే అడగాలి, ఎక్కడున్నాం అని. కంటిని అడుగు, చేతిని అడుగు, ముక్కుని, నాలుకని అడుగు. అవి అబద్ధం చెప్పవు."

"చెవినో?"

"చెవిని కూడా."

ఇదేం మంత్రం కాదు, మాయా కాదు. కానీ పనిచేసింది, ఎందుకు దాచాలి. బాబాయి జేబుల్లో నారింజ తొక్కలు, ఉప్పు రాళ్ళు, టైరు ముక్క ఒకటి కాపురం పెట్టాయి. దిగులు మొదలయిందంటే చాలు, ఒక ఉప్పు రాయి నాలుక మీద వేసుకుంటాడు, టైరు ముక్కని బొటనవేలితో రాస్తాడు, ఎదురుగా ఉన్న వస్తువు రంగు పైకి చెప్పుకుంటాడు. "మీ చొక్కా ఉతకాలంటే ముందు కొట్టు ఖాళీ చెయ్యాల్సొస్తోంది," అని సణిగేది భార్య. ఒక రోజు భోజనం దగ్గర ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, ఆగి, "ఉప్పెక్కువైంది" అన్నాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎన్నాళ్ళకి వంక పెట్టారు," అంది. ఆ రోజు ఆ ఇంట్లో నిజంగా సంతోషం.

కానీ చెవి మాత్రం లొంగలేదు. కళ్ళు మూసుకోవచ్చు, ముక్కు మూసుకోవచ్చు, చెవికి తలుపు లేదు. ఎప్పుడు దాన్ని అడిగినా వంతెన మీది ఆ నిశ్శబ్దమే వినిపించేది. అందుకే రేడియోలు అలాగే ఉన్నాయి. సైరన్ మీట మీద ఇక చెయ్యి వెయ్యలేనని పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, నయమైనవాళ్ళని ఇళ్ళ దగ్గర దింపే బండికి మారాడు. ఆ బండికి సైరన్ ఉన్నా పని ఉండదు. మధ్య అద్దం మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచుతాడు. బండి రేడియోలో పాట వస్తూనే ఉండాలి.

అలా ఒక రోజు, కాలికి కట్టు వేసిన ఒకామెని ఎక్కించారు. వెంట ఎవరూ లేరు. బాబాయి అడ్రసు కనుక్కుని బండి తీశాడు, ముఖం చూడలేదు. కాస్త దూరం వెళ్ళాక వెనకనుంచి ఆమె అంది:

"ఆ పాటలు కాస్త ఆపుతారా అన్నా? తల పగిలిపోతోంది."

ఆపక తప్పుతుందా? ఆపాడు. వెంటనే జేబులో తొక్క కోసం వెతుకుతూ, వెనక మనిషి పడుకుందా లేదా అని తల పైనున్న చిన్న అద్దంలోకి చూశాడు.

ఆమే, ఆ పిల్లాడి తల్లి. జుట్టు నెరిసింది, అంతే. బాబాయి టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆమె అసలు ఇటు చూడటమే లేదు.

"దీనికి సైరన్ ఉండదా?"

"ఉంటుందమ్మా. ఇంటికే కదా, అవసరం లేదు."

"నయం," అందామె. "మా పిల్లాణ్ణి తీసుకెళ్ళినప్పుడు మోగింది చూడండి, ఇప్పటికీ చెవుల్లో ఉంది. నా ఏడుపొకటి, అదొకటి. వాడి గుండె కొట్టుకుంటోందో లేదో కూడా తెలియలేదు. ఏడుపు మింగేసి, వాడి ఛాతీ మీద చెవి పెట్టాను. అయినా ఆ హోరులో ఏం వినపడుతుంది? అప్పుడు ఆ డ్రైవరు, ఎవరో మహానుభావుడు, సైరన్ కట్టేశాడు."

బాబాయి బండిని రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. ఎందుకాపాడని కూడా ఆమె అడగలేదు.

"వినపడింది. చిన్నగా, ఆగి ఆగి. వాడు కళ్ళు తెరిచాడు. 'వచ్చేశామా అమ్మా?' అన్నాడు. చప్పుడు ఆగింది కదా, ఆస్పత్రి వచ్చేసిందనుకున్నాడు పిచ్చి తండ్రి. 'వచ్చేశాం నాన్నా' అన్నాను. పట్టుకున్న నా వేలు వదిలేసి హాయిగా కళ్ళు మూసుకున్నాడు. ఆ డ్రైవరు ఎక్కడున్నా చల్లగా ఉండాలని రోజూ అనుకుంటాను."

బతికే ఉన్నాడు. గుండె కొట్టుకుంటోంది, మాట్లాడాడు కూడా.

బాబాయి అలవాటుగా కంటిని అడిగాడు. ఎదురుగా గోడ, సున్నం పెచ్చులూడింది, అంది కన్ను. స్టీరింగ్ వేడిగా ఉంది, అంది చెయ్యి. నారింజ తొక్క ఎండిపోయింది, అంది ముక్కు. అన్నీ నిజమే చెప్పాయి. ఒళ్ళు ఇక్కడే ఉంది. ఆ తల్లి అన్న మాట కూడా ఇక్కడే ఉంది. ఇక ఒళ్ళుని ఏమడిగి లాభం?

"ఇంతకీ మీవాళ్ళు సైరన్ ఎందుకు కట్టేస్తారన్నా?" అందామె. "నాకు చెప్పేవాళ్ళు దొరకలేదు."

జవాబు నాలుక చివరే ఉంది. పిల్లాడికి నిద్ర పాడవుతుందని కట్టేసి ఉంటాడమ్మా. అంతే, ఆ ఒక్క మాట చాలు. ఆమె దీవెన ఆమెకుంటుంది, ఈయనకీ కాస్త దక్కుతుంది, ఎవరి కొంపా మునగదు. నేనైతే అదే చెప్పేవాణ్ణి. మీరూ చెప్పేవాళ్ళే, మనలో మనకి దొంగ మాటలెందుకు.

"పోయారనుకుంటే కట్టేస్తామమ్మా," అన్నాడు బాబాయి. "ఆ రోజు బండి నడిపింది నేనే. మీరు పిల్లాడి మీద తల వాల్చేసరికి అయిపోయిందనుకున్నాను. వెనక్కి తిరిగి అడగలేదు. సైరన్ మోగుతూ ఉంటే వంతెన మీద దారి ఇచ్చేవాళ్ళు."

ఆ తర్వాత బండిలో చప్పుడు లేదు. ఆయన రేడియో మీద చెయ్యి వెయ్యలేదు. జేబులో చెయ్యి పెట్టలేదు. ఆమె తిట్టినా, శపించినా, ఏడ్చినా వినాల్సిందేనని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. భయం వేసింది. చాలా భయం వేసింది. అయినా కూర్చున్నాడు.

"సైరన్ ఆగిందని నాకూ తెలుసు," అందామె చాలాసేపటికి. "బండి కదలడం లేదనీ తెలుసు. కిటికీలోంచి ఆ లారీ కనబడుతూనే ఉంది. లేచి మధ్య అద్దం మీద ఒక్కసారి కొడితే అయిపోయేది. వాడు హాయిగా పడుకున్నాడు కదా, కదిలించడం దేనికని ఊరుకున్నాను. మీరు కట్టేసింది మంచికే అనుకుంటే, నేను ఊరుకున్నదీ మంచికే అవుతుంది కదా. అందుకని దీవించుకుంటూ వచ్చాను."

బాబాయి వెనక్కి తిరిగాడు. ఇన్నాళ్ళకి ఆమె ముఖం నేరుగా చూశాడు.

"మీ తప్పేం లేదమ్మా."

"మీరా మాట అనకండి. నేనూ మిమ్మల్ని అనను." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరు అడగలేదు. నేను చెప్పలేదు. వాడొక్కడే అడిగాడన్నా, వచ్చేశామా అని."